బడి గోడ మీది ఏడుగురు

మా మండలంలో ఎవరైనా చనిపోతే, ఇంట్లో ఏడుపు మొదలయ్యేలోపే నా ఫోను మోగుతుంది. రామన్నపేటలో నాది ఫ్లెక్సీల దుకాణం. పెళ్ళికీ, పుట్టినరోజుకీ, చావుకీ అదే మిషన్, అదే సిరా. ఇన్నేళ్ళలో నేను నేర్చుకున్నది ఒకటే. శ్రద్ధాంజలి ఫ్లెక్సీలో పోయినవాడి మొహం ఎంత పెద్దగా ఉండాలో ఎవరూ అడగరు. పైన నాయకుడి మొహం ఎంత ఉండాలో ముందు తేలుతుంది. మిగిలిన జాగాలో పోయినవాడు సర్దుకోవాలి. కింద వరసగా డజను మంది, చేతులు జోడించి, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని. చావు ఫ్లెక్సీలో నల్లకళ్ళద్దాలెందుకని ఒకసారి ఒకాయన్ని అడిగాను. "గా ఫొటోలనే మంచిగొచ్చిన అక్కా" అన్నాడు. వాడి బొంద. పోయింది సొంత మేనమామ.

ఈ మనుషులు చచ్చినవాళ్ళను ఎలా తలుచుకుంటారో నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు. అందుకే ఇది రాస్తున్నాను. ఇందులో నాకూ వాటా ఉంది, అది చివర్లో చెప్తాను, తప్పించుకోను.

మా బాపు పెయింటర్. దుకాణాల బోర్డులు, లారీల వెనక రాతలు, ఎన్నికలప్పుడు గోడలు, గుళ్ళో దేవుళ్ళ బొమ్మలు. ఫ్లెక్సీలు రాకముందు ఈ చుట్టుపక్కల ఏ ఊళ్ళో అక్షరం కనిపించినా అందులో సగం ఆయనదే. ఆ పని ఊడగొట్టింది ఈ ఫ్లెక్సీలే. ఆయన బిడ్డే ఆ దుకాణం పెట్టింది. బాపు నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

తెలంగాణ రాష్ట్రం రాకముందు, నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు, అమెరికావాళ్ళ అంతరిక్ష నౌక ఒకటి పదహారు రోజులు పైన తిరిగి, కిందికి దిగుతూ, నేల ఇంకో పావుగంట దూరంలో ఉందనగా ఆకాశంలోనే ముక్కలైపోయింది. లోపల ఏడుగురు. అందులో ఒకామె మన దేశంలో పుట్టినామె. వారం రోజులు పేపర్లన్నీ ఆమె గురించే రాశాయి. ఊళ్ళో కూడా అందరూ "మనామె, మనామె" అన్నారు. బాపుకు అది నచ్చలేదు. హోటల్ దగ్గర పేపరు మడిచి పెట్టి, "మనామె ఒక్కతే కాలిందా? తక్కిన ఆరుగురు ఎవలి పిల్లలు?" అని అడిగాడట. అక్కడున్నవాళ్ళు చాయ్ తాగి లేచిపోయారు.

ఆయనకు ఆ సంగతి అంతగా ఎందుకు తగిలిందో నాకు తెలుసు. బాపుతో జతగా పని చేసిన పెయింటర్ ఒకాయన ఉండేవాడు. ఇద్దరూ కలిసి ఒక ఊళ్ళో నీళ్ళ ట్యాంకు మీద పేరు రాశారు. రాయడం అయిపోయింది, డబ్బాలు మూతలు పెట్టారు, ఆయన దిగుతూ దిగుతూ చివరి మెట్ల దగ్గర జారి, తల రాయికి కొట్టుకుని చనిపోయాడు. అంత ఎత్తున పని చేస్తుంటే ఏమీ కాలేదు. దిగేటప్పుడు అయింది. "ఇల్లు కనవడేటంత దగ్గరికొచ్చినంక పోవుడు ఉంటది సూడు బిడ్డా, గదే అన్యాలం" అన్నాడు బాపు ఆ పేపరు చూస్తూ. ఆయన కళ్ళలో నీళ్ళు చూడటం అదే మొదటిసారి.

వాళ్ళ బొమ్మ మా ఊరి బడి గోడ మీద వేశాడు. రోడ్డు వైపు గోడ. ఎవరూ అడగలేదు. పేపర్లో వచ్చిన ఫొటో మీద పెన్సిలుతో గళ్ళు గీసి, గోడ మీద సున్నపు దారం కొట్టి అవే గళ్ళు పెద్దగా గీసి, ఒక్కో గడిలో ఒక్కో ముక్క దించుకుంటూ వారం పాటు వేశాడు. అయితే బాపు చెయ్యి దేవుళ్ళకూ నాయకులకూ అలవాటుపడ్డ చెయ్యి. ఏడుగురికీ పెద్ద పెద్ద కళ్ళు వచ్చాయి. ఒంటి రంగుకు ఆయన దగ్గర ఉన్నది ఒకటే డబ్బా, చామనఛాయ. తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ అందరూ ఆ డబ్బాలోంచే వచ్చారు. ఒకాయనకు మీసం కూడా పెట్టేశాడు. "పేపర్ల మీసం లేదు గద బాపూ" అంటే, "మొఖం బోడిగున్నది బిడ్డా, చచ్చినోనికి జర నిండుగ ఉండాలె" అన్నాడు. అన్నీ అయ్యాక, ఏడుగురి నొసళ్ళకూ కుంకుమ బొట్టు పెట్టాడు. మా ఇళ్ళలో పోయినవాళ్ళ ఫొటోకు బొట్టు పెట్టకుండా గోడకు తగిలించరు. మగవాళ్ళకైనా సరే. అంతరిక్షంలోకి పోయినవాళ్ళకైనా సరే.

మొహాల కింద తెల్ల పట్టీ కొట్టి అందులో ఏడుగురి పేర్లు తెలుగులో రాశాడు. నోరు తిరగని పేర్లు. ఇంగ్లీషు సారు దగ్గర కూర్చుని ఒక్కోటి నాలుగేసి సార్లు పలికించుకుని రాశాడు. ఆ తర్వాత ఏటా వాళ్ళు పోయిన రోజు వచ్చిందంటే బడికి పోయి, తడిబట్టతో ఏడు మొహాలు తుడిచి, కొత్త బొట్లు పెట్టి, పేర్లు ఒకసారి పైకి చదివి వచ్చేవాడు. చదువుకున్న సార్లు వరండాలో నిలబడి నవ్వుకునేవారు. ఒక్కడూ కిందికి దిగి రాలేదు.

ఆ గోడ పక్కనే బోరు నల్లా పెట్టారు. పిల్లలు పళ్ళేలు కడిగిన నీళ్ళన్నీ గోడకు కొట్టేవి. తెలంగాణ వచ్చేనాటికి కింది తెల్ల పట్టీ పెచ్చులూడి, పేర్లు మొత్తం పోయాయి. మొహాలు మాత్రం మిగిలాయి. పెద్ద కళ్ళు, మీసం, బొట్లు, మెడ చుట్టూ వాళ్ళ దుస్తుల పట్టీ. ఆ పట్టీ దూరం నుంచి చూస్తే కండువా అనిపించేది. దూరం నుంచి చూసేవాళ్ళకు ఇంకేం కావాలి?

రాష్ట్రం వచ్చిన కొన్నేళ్ళకు, ఆవిర్భావ దినం రోజు, మా మండల నాయకుడు ఆ బళ్ళో జెండా ఎగరేయడానికి వచ్చాడు. ఆయన కండువా రంగు ఇప్పటికి మూడుసార్లు మారింది, మొహం మాత్రం అదే, నా కంప్యూటర్లో భద్రంగా ఉంది. జెండా అయ్యాక తిరిగి పోతూ గోడ చూశాడు. ఆగాడు. చుట్టూ ఉన్నవాళ్ళూ ఆగారు. "అమరవీరుల బొమ్మలున్నయని నాకు చెప్పరా?" అని హెడ్మాస్టరును కసిరాడు. ఎవరో ఉరికిపోయి పూలదండలు తెచ్చారు. ఏడుగురి మొహాల మీదా మేకులు కొట్టి దండలు వేశారు. మైకు అటు తిప్పారు.

"గీ ఏడుగురు మన తెలంగాణ కోసం పానాలిచ్చిన బిడ్డలు" అని మొదలుపెట్టాడు మహానుభావుడు. పది నిమిషాలు దంచాడు. మీసమున్నాయన వైపు వేలు పెట్టి, "గీ తమ్ముడు నాకు మస్తు ఎర్క. మేమిద్దరం ఒక్క ధర్నాల పక్కపక్కకు కూసున్నం" అన్నాడు. గొంతు జీర కూడా పోయింది ఆ ముక్క దగ్గర. చప్పట్లు కొట్టారు. హెడ్మాస్టరు సైన్సు చదివినవాడు, రాకెట్టు ఎలా పైకి పోతుందో పిల్లలకు బోర్డు మీద గీసి చెప్పేవాడు. గంగిరెద్దులా తల ఊపాడు. ఆ గోడ మీద ఉన్నదెవరో ఆయనకు తెలుసు. అక్కడున్న సార్లలో సగం మందికి తెలుసు. ఒక్కడి నోరు పెగల్లేదు. థూ, అంత చదువు ఎందుకు?

ఇంకో సంగతి చెప్పాలి. ఉద్యమంలో నిజంగా పోయినవాడు మా ఊళ్ళో ఒకడున్నాడు. డిగ్రీ చదివే పిల్లవాడు. వాడి తల్లి ఆ బళ్ళోనే ఊడుస్తుంది. ఆ రోజు పొద్దున ఆ జెండా గద్దె చుట్టూ ఊడ్చి నీళ్ళు చల్లింది ఆమే. అమరవీరుల మీద ఉపన్యాసం జరుగుతున్నంత సేపూ చీపురు పట్టుకుని వెనకాల నిలబడి ఉంది. నాయకుడికి ఆమె ఎవరో తెలియదు. ఆ పిల్లవాడు పోయిన రోజు వాళ్ళింటికి వచ్చి ఫొటో దిగి పోయాడు, ఆ ఫొటోలో ఆమె పక్కనే ఉన్నాడు. అయినా తెలియదు.

మా బాపు ఊరుకోలేదు. గుంపును తోసుకుని ముందుకొచ్చాడు.

"అయ్యా, గీళ్ళు ఉద్యమంల పోయినోళ్ళు గాదు. ఆకాశంల పోయినోళ్ళు. నేనే ఏసిన. పేర్లు గూడ చెప్త."

నాయకుడు మైకులోనే నవ్వాడు. "పెద్దమనిషి పొద్దుగాల్నే కల్లు ఏసుకొచ్చిండు లెక్కున్నది. ఎవలైతేంది తాతా, అమరులు అమరులే గద" అన్నాడు. అందరూ నవ్వారు. బాపు జన్మలో కల్లు ముట్టలేదు. నేను అక్కడే ఉన్నాను, కెమెరా పట్టుకుని, రేపటి ఫ్లెక్సీకి ఫొటోలు తీస్తూ. నేను నవ్వలేదు అని రాయాలని ఉంది. నవ్వాను. నాయకుడు నా వైపు చూశాడు, నోరు దానంతటదే నవ్వింది.

అందరూ పోయాక ఆ తల్లి బాపు దగ్గరికి వచ్చింది. నేను కెమెరా సంచీలో పెట్టుకుంటున్నాను.

"అన్నా, గీళ్ళెవలే? ఇన్నేండ్ల సంది ఊడుస్తున్న, ఎవలో పెద్దోళ్ళు అనుకున్న. ఆయన గట్లన్నంక, గీళ్ళల్ల నా కొడుకు గిట ఉన్నడేమోనని మల్లొక్కసారి ఒక్కొక్క మొఖం చూసిన."

బాపు ఆమెకు మొత్తం చెప్పాడు. పైకి పోయింది, దిగుతుంటే కాలింది, పావుగంట దూరం. ఒక్కో మొహం మీద చెయ్యి పెట్టి ఒక్కో పేరు చెప్పాడు. ఆమె చీపురు గోడకు ఆనించింది.

"వీళ్ళకు గూడ అమ్మలుంటరు గద" అంది. "పేర్లు మల్ల రాయి అన్నా. పేరు లేకుంటే గిట్లనే ఎవడొస్తే వాడు ఎత్కపోతడు."

ఆ మాట బాపును పట్టుకుంది. ఇక ఆయనకు ఒకటే ధ్యాస, ఏడు పేర్లూ మళ్ళీ గోడకెక్కాలి. కానీ అప్పటికే ఆయన చెయ్యి వణికేది. చాయ్ గ్లాసు పట్టుకుంటే సాసర్లోకి ఒలికేది. అలాంటి చేత్తో అక్షరం రాయలేడు. అందుకని ఒకరోజు నా దుకాణానికి వచ్చాడు. దుకాణం పెట్టిన ఇన్నేళ్ళలో ఆయన లోపలికి రావడం అదే మొదలు. మిషన్ వైపు చూడకుండా స్టూలు మీద కూర్చున్నాడు.

"బిడ్డా, నువ్వు గా కంప్యూటర్ల అచ్చరాలు పెద్దగ తీసి, అట్ట మీద కోసియ్యి. నేను గోడకు ఆనించి రంగు అద్దుకుంట. అద్దుడుకు చెయ్యి వణికినా ఏం గాదు."

ఆయన ఏడు పేర్లూ చెప్పాడు, నేను ఒక కాగితం మీద రాసుకున్నాను. "రాసినవి జర సదువు" అన్నాడు. చదివాను. రెండు దిద్దాడు. పని ఎంత? మహా అయితే ఒక పూట.

"రేపు చేస్తా బాపూ" అన్నాను.

ఆ రేపు రాలేదు. పెళ్ళిళ్ళు వచ్చాయి, ఎన్నికలు వచ్చాయి, వినాయక చవితి వచ్చింది. బాపు వారానికోసారి అడిగేవాడు, "అచ్చరాలు అయినయా బిడ్డా?" అని. నేను వారానికోసారి రేపు అనేదాన్ని. ఆ కాగితం కంప్యూటర్ పక్కనే ఉండేది. ఒకరోజు మిషన్ దగ్గర సిరా ఒలికింది. గిరాకీ ఎదురుగా నిలబడి తొందరపెడుతున్నాడు. చేతికందిన కాగితంతో తుడిచి బుట్టలో వేశాను. సాయంత్రం గాని అది ఏ కాగితమో గుర్తుకురాలేదు. బుట్ట చూశాను. పేర్లు లేవు, నలుపు ఉంది. బాపును మళ్ళీ అడిగి రాసుకోవచ్చు. అడగడానికి సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే ఇంకో ఏడాది గడిపాను.

ఈలోగా నాయకుడి పుట్టినరోజు వచ్చింది. "చెల్లే, బడి గోడ మీద పెడితే రోడ్డుకు మంచిగ కనవడ్తది, గోడంత ఫ్లెక్సీ కొట్టు" అన్నాడు. నేను టేపు పట్టుకుని పోయి ఆ గోడను స్వయంగా కొలిచాను. ఈ చివర ఉన్న మొహం నుంచి ఆ చివర ఉన్న మొహం దాకా. సరిగ్గా ఆ కొలతకే కొట్టాను. ఏడుగురి మీదా ఒక్కడి మొహం పడింది. పుట్టినరోజు అయిపోయినా దాన్ని ఎవరూ తీయలేదు, తీసే ధైర్యం ఎవరికి?

బాపు చూసి వచ్చాడు. గుమ్మం దగ్గర చెప్పులు విప్పి లోపలికొచ్చాడు. తిడతాడనుకున్నాను. తిడితే ఏం చెప్పాలో కూడా సిద్ధం చేసుకున్నాను, గిరాకీ, కిరాయి, పిల్లల చదువు.

"ఫ్లెక్సీకి కొట్టిన మొల ఒకటి మనామె కంట్ల పడ్డది బిడ్డా" అన్నాడు. "జర పక్కకు కొట్టుమనక పోయినవా?"

అంతే. ఆ తర్వాత అక్షరాల సంగతి ఎప్పుడూ అడగలేదు.

బాపు ఆ చలికాలంలోనే పోయాడు. దవాఖానకు తీసుకుపోయేలోపే అయిపోయింది. మూడో రోజు నేను దుకాణానికి పోయి ఆయన ఫ్లెక్సీ నేనే చేశాను. ఫొటో పెట్టాను, పేరు రాశాను, చుట్టూ పూలు పెట్టాను. మిషన్ లోంచి ఫ్లెక్సీ బయటికొస్తుంటే చూశాను. పైన నాయకుడి మొహం ఉంది. బాపు మొహం కన్నా పెద్దగా. ఎవరూ అడగలేదు. ఆయన ఫోను కూడా చేయలేదు. నా చెయ్యే, అలవాటుగా, తీసుకొచ్చి పెట్టింది. బాపు కూడా ఆ గోడ మీద ఎవరూ అడగకుండానే వేశాడు. ఆయన చెయ్యికీ నా చెయ్యికీ ఉన్న తేడా అది. ఆ ఫ్లెక్సీని కత్తెరతో ముక్కలు చేశాను. ఇంకోటి చేయలేదు. మండలమంతటికీ చావు ఫ్లెక్సీలు కొట్టే దాని తండ్రికి ఫ్లెక్సీ లేదు. బంధువులు ఇప్పటికీ దెప్పుతారు.

కిందటేడు ఆ బడికి కొత్త రంగులు వేశారు. ఇప్పుడు బళ్ళ గోడలకంతా రైలు బొమ్మలే కదా, గోడను రైలు పెట్టెలా తయారు చేశారు. నీలం రంగు, తెల్ల గీత, మొహాలున్న చోట కిటికీలు. ఊరివాళ్ళు ఆ రైలు ముందు నిలబడి ఫొటోలు దిగారు. నాయకుడు కూడా దిగాడు, కొత్త కండువాతో.

మొన్న ఆ గోడ పక్కనే ఇంకో ఫ్లెక్సీకి కొలతలు తీసుకోవడానికి పోయాను. చూస్తే, ఆ రైలు కిటికీలకు కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి. నాకు నవ్వొచ్చింది. దసరాకు లారీలకు పెట్టినట్టు ఈ అమాయకులు గోడ మీది రైలుకు కూడా పెట్టారని అనుకున్నాను. నా బుద్ధి అలాంటిది, ఎవరిని చూసినా ముందు నవ్వొస్తుంది. తర్వాత లెక్కపెట్టాను. కిటికీలు పది ఉన్నాయి, బొట్లు ఏడే ఉన్నాయి.

ఆ తల్లి నల్లా దగ్గర తడిబట్ట పిండుతోంది. ఆమె పక్కన కుంకుమ పొట్లం చూశాక గాని ఆ రోజు ఏ రోజో నాకు తట్టలేదు.

"మీ బాపు లేడు గద బిడ్డా. ఎవలన్న తుడువాలె గద" అంది. "మొఖాలు యాడున్నయో నాకెర్క. గీ కిటికీ ఎనుక మీసపాయన, గీ కిటికీ ఎనుక మనామె."

"పేర్లు మల్ల రాయిస్త అత్తా" అన్నాను. నాకు మనామె పేరు తప్ప ఒక్కటీ రాదు. అందుకని పర్సులోంచి ఫోను తీశాను. "జర ఆగు, ఫోన్ల సూసి రాసుకుంట." ఆ ఫోను ఇన్నేళ్ళూ నా చేతిలోనే ఉంది. అర నిమిషం పని.

ఆమె నా ఫోను వైపు చూసింది.

"సూసుడెందుకు బిడ్డా?" అంది. "మీ బాపు నాతోని ఎన్నిమాట్ల చెప్పిచ్చిండో ఎర్కనా? నీ ఫ్లెక్సీ కట్టినంక గూడ, దాని ముందట నిలవడి ఇద్దరం చెప్పుకునేటోళ్ళం."

తడి చెయ్యి కొంగుకు తుడుచుకుంది. గోడకేసి చూస్తూ ఒక్కో వేలు మడిచింది. సంతకం చేయడం రాని మనిషి, నోరు తిరగని ఆ పేర్లను మా బాపు పలికినట్టే పలికింది. ఏడు వేళ్ళు మడిచింది. ఎనిమిదో వేలు మడిచి కొడుకు పేరు చెప్పింది. తొమ్మిదో వేలి దగ్గర నా మొహంలోకి చూసి, మా బాపు పేరు చెప్పింది.